తాళంచెవి నా దగ్గరే ఉందిగా

రెడ్డిగూడెం,
కార్తీక బహుళ విదియ.

ఒరేయ్,

నువ్వనుకున్నది నిజమే. పెరట్లో మళ్ళీ ఏదో మొదలుపెట్టాను. మీ చెల్లెలు ఫోన్లో నీకు సగం చెప్పేసిందని తెలుసు. మిగతా సగం నేను చెప్పకపోతే అదీ తనే చెబుతుంది, తన పద్ధతిలో. అందుకే ముందు నేనే కాగితం పట్టాను. ‘ఈమాత్రం దానికి ఉత్తరమేంట్రా, వాట్సాప్‌లో రెండు ముక్కలు పడెయ్యొచ్చుగా’ అంటావు. పడెయ్యొచ్చు. పడెయ్యగానే నువ్వు ఫోన్ చేస్తావు, నేను నోరు తెరిచేలోపే నాలుగు అక్షింతలు వేస్తావు, అసలు సంగతి నా గొంతులోనే ఉండిపోతుంది. అసలు సంగతి ఒకటుంది. దానికింకా టైముంది. ముందు ప్యాలెట్ల కథ విను.

నువ్వు విమానం ఎక్కే ముందు నీ స్కూటర్ అమ్మడానికి ఇద్దరం బెజవాడ ఆటోనగర్ వెళ్ళాం చూడు. బేరం తెగక నువ్వు చెమటలు కక్కుతుంటే నేను పక్క సందులోకి జారుకున్నాను. అక్కడ ఒక పాత సామాన్ల కొట్టు గోడకి చెక్క చట్రాలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. నువ్వొచ్చి నా మొహం చూసి ఒకే ఒక్క మాటన్నావు: “నీ చూపు బాగాలేదు, పద.” పదమంటే వచ్చాను. కానీ నువ్వు అక్కడ మెల్‌బోర్న్‌లో దిగిన వారానికి నేనిక్కడ ట్రాలీ ఆటోలో పదకొండు ప్యాలెట్లతో మన బజార్లో దిగాను. ఒక్కోటి నూట ఎనభై. ఆటో బాడుగ ఎంతో చెప్పను, అడగొద్దు.

దారిలో మైలవరంలో ఆటో ఆపి టీ తాగుతుంటే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, “ఎవరు పోయారండీ పాపం?” అన్నాడు. నిలబెట్టి కట్టిన ప్యాలెట్లు అచ్చం పాడెల్లా ఉన్నాయిరా! అప్పటిదాకా నా కంటికి తోచనేలేదు. ఇంటికొచ్చాక మీ చెల్లెలూ అదే మాట, ఇంకాస్త గొంతు పెంచి. “ఒకటైతే సరే, మీక్కావాలనుకుంటాను. పదకొండు దేనికండీ, వీధి వీధంతటికీనా?”

నవ్వు, నవ్వు. నాకు ప్యాలెట్ కొత్తేమీ కాదు. సొసైటీ గోడౌన్లో గుమస్తాగిరీ అంతా వాటి మధ్యేగా గడిచింది. అప్పుడు ప్యాలెట్ అనే పేరు తెలీదు, “చెక్కలెయ్యండ్రా” అంటే హమాలీలకి అర్థమయ్యేది. యూరియా గాలిలో తేమంతా పీల్చుకునే రకం. నేల మీద పెట్టావా, వానాకాలం వెళ్ళేసరికి కింది వరస గడ్డకట్టి గునపంతో కొట్టినా రాదు. యూరియా బస్తా 2018లో 50 కిలోల నుంచి 45కి దిగింది, రైతులు నా మీద పోట్లాడారు, అదేదో నేనే అయిదేసి కిలోలు మింగినట్టు. అన్నీ మారాయి గానీ బస్తా కింద చెక్క మారలేదు. ఆమాటకొస్తే మీ ఇంట్లో వడ్ల బస్తాల కింద రెండు తాటి దుంగలుండేవి, గుర్తుందా? మీ అమ్మ వాటికి ప్యాలెట్ అని పేరు పెట్టలేదు, అంతే తేడా.

మీ ఊళ్ళో ప్యాలెట్లు మహా ఎక్కువట కదా. అయితే ఒక హెచ్చరిక. మనవణ్ణి తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని షికారుకెళ్తావుగా, సూపర్ మార్కెట్ల వెనకాల నీలం రంగు వేసినవి కనబడతాయి. ఎవరూ అడగడం లేదు కదా అని వాటి మీద చెయ్యి వెయ్యకు. అవి అమ్మకానివి కావు, అద్దెవి. మనం పెళ్ళికి షామియానా, గంగాళాలు అద్దెకి తెచ్చుకోమూ, అలాగన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో మకాం పెట్టి, పోతూ పోతూ ఫోర్క్‌లిఫ్టులూ ప్యాలెట్లూ అక్కడే వదిలేసింది. అక్కడి ప్రభుత్వం వాటన్నిటినీ పోగేసి కామన్‌వెల్త్ హ్యాండ్లింగ్ ఎక్విప్‌మెంట్ పూల్ అని ఒకటి పెట్టింది. 1958లో దాన్ని బ్రాంబుల్స్ అనే కంపెనీ కొనుక్కుంది. ఆ పొడుగు పేరులో తొలి అక్షరాలే ఇప్పుడు ఆ నీలం చెక్కల మీద ‘చెప్’ అని ఉంటాయి. అంటే ఒక దేశం పారేసి పోయిన కర్రలతో ఇంకో దేశం ప్రపంచమంతా పాకిన వ్యాపారం చేసింది. నేను పదకొండు తెస్తే మాత్రం ఊళ్ళో నవ్వులాట.

మీ దగ్గరివి నలుచదరం, 1165 మిల్లీమీటర్లు అటూ ఇటూ. యూరప్ వాళ్ళవి 1200కి 800. అమెరికా వాళ్ళు అంగుళాలు వదలరు కనక 48కి 40. నేను తెచ్చినవి ఏ రెండూ ఒక కొలతకి లేవు. “కొనేటప్పుడు టేపు పట్టి చూడలేదా” అంటావు. చూడలేదు. చూశానని చెబితే మాత్రం నువ్వు నమ్ముతావా?

నీ అంబారీ ఏనుగు ఎలా ఉంది? బుడ్డోడు తొండం విరగ్గొట్టాడా ఇంకా లేదా? దాన్ని ఎందుకు తలచుకున్నానంటే, మెల్‌బోర్న్ విమానాశ్రయంలో ఆ కొండపల్లి బొమ్మ నీ సంచిలోంచి తీసి, పొట్ట కింద, కాళ్ళ సందుల్లో లైటు వేసి చూశారని చెప్పావుగా, దొంగని సోదా చేసినట్టు. “పొనిక చెక్కరా నాయనా, దీంట్లో ఏం దాచగలం” అని తెలుగులోనే గొణుక్కున్నానన్నావు. వాళ్ళు చూసింది పురుగు రంధ్రాల కోసం. నా పదకొండు ప్యాలెట్లలో మూడింటి మీద కాల్చిన ముద్ర ఉంది చూడు, అదీ ఆ భయంతో పుట్టిందే. గోధుమ కంకి బొమ్మ, పక్కన ఐపీపీసీ అనే అక్షరాలు, దేశానికి రెండక్షరాలు, ఒక నంబరు, చివర్న హెచ్.టి. అనో ఎం.బి. అనో.

1996లో న్యూయార్కులో మేపుల్ చెట్లు తొలుచుకుపోతుంటే చూశారట, పొడుగు మీసాల పురుగు ఒకటి. సరుకుల చెక్కపెట్టెల్లో దాక్కుని ఆసియా నుంచి ఓడెక్కి దిగిందది. ఇలాంటివి ఇంకా కొన్ని జరిగాక 2002లో అంతర్జాతీయంగా ఒక నియమం పెట్టారు: దేశం దాటే ప్యాకింగ్ చెక్క ఏదైనా ముందు శుద్ధి కావాల్సిందే. హెచ్.టి. అంటే వేడి పెట్టారన్నమాట. చెక్క నడిమధ్య 56 డిగ్రీలు వచ్చి, అరగంట ఆ వేడి నిలవాలి. ఎం.బి. అంటే మిథైల్ బ్రొమైడ్ అనే విషపు పొగ పెట్టారని. అది ఓజోన్ పొరని తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద పొలాల్లో వాడకం మాన్పించుకుంటూ వచ్చారు. ఓడల సరుకుకి మాత్రం మినహాయింపు ఉంచారు. కాబట్టి పెరట్లోకి హెచ్.టి. అయితే తెచ్చుకో, ఎం.బి. అయితే వద్దు. నాకు రెండు హెచ్.టి., ఒకటి ఎం.బి. తగిలాయి. ఎం.బి.ది బట్టలుతికే బండ దగ్గర కాళ్ళ కింద వేశాను. ఆకుకూరల జోలికి రానివ్వలేదు.

మిగతా ఎనిమిదింటి మీదా ముద్రే లేదు. దేశంలో తిరిగేవాటికి అక్కర్లేదు మరి. వాటిని వరసగా పడుకోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కోటీ వాసన చూశాను. సరిగ్గా అప్పుడే మద్దులపర్వ నుంచి వియ్యంకుడు వచ్చాడు. నేను లేచి నిలబడేసరికి ఆయన అప్పటికే ఏదో నిర్ణయానికొచ్చేశాడని మొహం చూస్తే తెలిసింది. కానీ నా ముక్కు ఊరికే పోలేదు. రెండు పురుగుమందు కంపు కొట్టాయి, ఒకదాని మీద నల్లటి మరక కూడా. గోడౌన్లో ముప్పై ఏళ్ళు పీల్చిన వాసన, నేను పొరబడను. మీ చెల్లెలు నీళ్ళపొయ్యిలో పెడతానంది. వద్దన్నాను, ఆ పొగ మన ముక్కుల్లోకేగా. అవిప్పుడు మురుక్కాలవ మీద వంతెన.

కర్ర ఏమిటంటావా? ముద్రలున్న మూడూ పైన్. సాన పట్టగానే గుగ్గిలం వాసన. మిగతావి నాకు తెలిస్తేగా. జామాయిలు, సుబాబుల్ కలిసి ఉంటాయని నా అనుమానం, నందిగామ రోడ్డు మీద కాగితం మిల్లుకి పోయే లారీల్లో చూసే దుంగల చాయే. బాబాయి అయితే గోరుతో గీరి, నాలిక్కి రాసుకుని చెప్పేవాడు. కొడుకువి నువ్వున్నావు, బ్యాంకులో నోట్లు గోరుతో గీరావు గానీ కర్రని గీరావా ఎప్పుడైనా?

సరే, కోపం తెచ్చుకోకు. ఊడదీయడం దగ్గరికి వద్దాం, అక్కడ నాకే అవమానం. చూస్తే ఏముంది, పైన పలకలు, కింద పట్టెలు, మధ్య దిమ్మలు, అంతేగా అనుకున్నాను. యూరప్ వాళ్ళ ప్యాలెట్ ఒకటి విప్పితే పదకొండు పలకలు, తొమ్మిది దిమ్మలు, డెబ్బై ఎనిమిది మేకులు. ఆ మేకులు మామూలువి కావు, ఒంటినిండా గాట్లు. ఒకసారి దిగితే మన మండలాఫీసులో అర్జీ లాంటిదే, బయటికి రాదు. గడ్డపార పెట్టి లేపాను, పలక చీలింది. సుత్తితో వెనకనుంచి కొట్టాను, పలక రెండయింది. మొదటి ప్యాలెట్ అలా మొత్తం కట్టెపుల్లలై కూర్చుంది. చివరికి పలకకీ దిమ్మకీ నడుమ ఆక్సా బ్లేడు దూర్చి మేకునే కోస్తే పని తేలికైంది. తలకాయ చెక్కలోనే ఉండిపోతుంది, చూడ్డానికీ బాగుంటుంది. ఒక పూటకి ఒక ప్యాలెట్. చేతులు బొబ్బలు.

ఆ మేకులు ఏరుతుంటే, ఏప్రిల్ నెల, మీ ఇంటి ముందు వేపచెట్టు నీడ, గుర్తొచ్చాయిరా. మామిడి పెట్టెల రోజులు. రంగాపురం తోటల్లోంచి, కూనపరాజుపర్వ నుంచి బళ్ళ మీద కాయ దిగడం, బాబాయి పొద్దున మూడింటికే రంపం పట్టడం, రోజంతా టకటకా మేకుల చప్పుడు. బంగినపల్లికి ఒక కొలత, కలెక్టరుకి ఒక కొలత. లోపల వరిగడ్డి పరిచి కాయ పేర్చి, మూత కొట్టి, లారీకెక్కిస్తే ఢిల్లీ దాకా పోయేది. మనిద్దరి పని ఏమిటి? పాత పెట్టెల్లోంచి ఊడిన వంకర మేకుల్ని రాతి మీద పెట్టి తిన్నగా చెయ్యడం. వందకి పావలా. నువ్వు వంద చేసేసరికి నేను నలభై చేసి, బొటనవేలు చితక్కొట్టుకుని, నీ పావలాలోంచి ఐసు కొనిపించుకునేవాణ్ణి. ఇప్పుడు నున్న మార్కెట్లో ఎటు చూసినా ప్లాస్టిక్ ట్రేలు, అట్టపెట్టెలే. వంకర మేకు తిన్నగా చేసే పిల్లాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. మంచిదేలే, బొటనవేళ్ళు బాగుంటాయి.

ఇప్పుడొక చిన్న అబద్ధం సంగతి చెప్పాలి. అసలు సంగతి కాదు, ఇది దాని తమ్ముడు. పోయినేడు నువ్వు ఫోన్లో “నీ చెక్కలెలా ఉన్నాయిరా” అంటే “బ్రహ్మాండం” అన్నాను కదా. అప్పటికి అవి లేవు. మొదటి నాలుగు ప్యాలెట్లూ మన ఎర్రనేల మీద చక్కగా పరిచి, మట్టి నింపి, తోటకూర, గోంగూర చల్లాను. మొలకలు బాగానే వచ్చాయి. ఫొటో తీసి నీకు పంపాను కూడా, నువ్వు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపావు. ఆషాఢం వాన పడింది. శ్రావణంలో ఒక పలక మీద సన్నగా మట్టి గీత కనబడింది. తుడిచేశాను. నాలుగు రోజులకి మళ్ళీ. భాద్రపదంలో ఒక పలక పట్టుకుని లేపితే చేతిలోకి పైపెంకు ఒక్కటే వచ్చింది, లోపలంతా చెద. బస్తాని నేల మీద పెట్టకూడదని ముప్పై ఏళ్ళు హమాలీల మీద కేకలేసినవాణ్ణి, బస్తా కింది చెక్కని మాత్రం నేల మీద పెట్టేశాను. ఇంత తెలివి నాకే ఎందుకిచ్చాడో దేవుడు.

ఊళ్ళో తలా ఒక సలహా. కాలిన ఇంజనాయిలు పూయమన్నాడు మెకానిక్. కంచె రాటకైతే పూస్తాం గానీ గోంగూర మడికి పూస్తామా? తారన్నారు, అదీ అంతే. వేపనూనె పూశాను, వాన వెంబడే కడుక్కుపోయింది. అప్పుడు బాబాయి మాట జ్ఞాపకమొచ్చింది. కంచె రాట పాతేముందు మొదలు నిప్పుల్లో కాల్చేవాడు, చుట్టూ బొగ్గు పట్టేదాకా. పందిరి గుంజ కింద రాయి పెట్టేవాడు. “కర్ర కాలికి మన్ను తగలనీకు” అనేవాడు, ఏదో ఆడపిల్ల గురించి చెప్పినట్టు. మీ పాత ఇంటి వసారా స్తంభాలు గమనించావా? నాలుగింటి కిందా రాతి దిమ్మలే. చెద అంటే ఎండ పొడ గిట్టని పురుగు. నేలలోంచి మట్టి గొట్టం కట్టుకుంటూ చీకట్లోనే పైకెక్కాలి. మధ్యలో రాయి అడ్డమొస్తే రాతి పైనుంచి కట్టుకుని రావాలి, అప్పుడు దాని దారి మన కంటపడుతుంది, చీపురుతో దులిపేస్తాం. రాయి చెదని ఆపదు, పట్టిస్తుంది. నాకీ తేడా ఇన్నేళ్ళకి తెలిసింది.

అందుకని రెండో విడత ప్యాలెట్లతో పాటు నాపరాళ్ళూ తెప్పించాను. ప్యాలెట్‌కి ఆరు రాళ్ళు, జానెడెత్తు. ఎందుకంత ఎత్తంటే కిందికి చీపురు పోవాలి. అదీ మీ చెల్లెలి ఉత్తర్వు. చెక్క కింద చీకటుంటే తేలూ జెర్రీ కాపురం పెడతాయంది. కాదనడానికి లేదు, మొదటి విడతవి ఎత్తినప్పుడు ఒక తేలు బయటపడింది, తోక ఎత్తి మరీ. అప్పటినుంచి చెక్క కింద చెయ్యి పెట్టను, కాలితో తన్ని చూస్తాను. ముసలాళ్ళు చెక్కని తంతున్నారని కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ.

అన్నిట్లోకీ బాగా కుదిరింది ఎరువు దొడ్డి. నాలుగు ప్యాలెట్లు నిలబెట్టి మూలల్లో కట్టేస్తే గది అయిపోయింది, ముందుది తలుపులా తీసుకోవచ్చు. లోపల ఎండాకు ఒక వరస, పేడ ఒక వరస, వంటింటి తొక్కలు ఒక వరస. మామిడాకుంది చూడు, తోలులా ఉంటుంది, కుళ్ళమంటే కుళ్ళదు. ముందు తొక్కి నలగ్గొట్టి వేస్తేనే దారికొస్తుంది. గుంట తీసి పాతే పెంటకుప్ప కంటే ఇది నాలుగు వైపులా గాలాడుతుంది కనక తొందరగా మగ్గుతుంది. మూడోవారంలో చెయ్యి పెడితే కాలింది. నీ దగ్గర గొప్పలు చెప్పుకోకపోతే ఇంకెవరి దగ్గర చెప్పుకోను, డాక్టరు దగ్గర కొట్టేసిన... కాదు, అడిగి తెచ్చుకున్న థర్మామీటరు పెడితే అది నలభై రెండు దాటి చూపించలేక ఆగిపోయింది. తర్వాత వంటల థర్మామీటరు ఒకటి అమ్మాయి పంపింది. అరవై! ఇందాక చెప్పానుగా, చెక్కకి కావాల్సిన వేడి 56 అని. ఏ ఫ్యాక్టరీ బట్టీ లేకుండా పేడా ఆకూ కలిసి పెరట్లో దాన్ని దాటేశాయి. మన రోహిణికార్తె ఎండ 45 అంటేనే అల్లాడిపోతాం. అంత వేడిలో కలుపు విత్తనం కూడా చస్తుంది.

పలకల మధ్య సందు ఎంత ఉండాలన్నది ఒక ప్రశ్న. మరీ ఇరుకైతే గాలాడదు, మరీ వెడల్పయితే అంతా బయటికి రాలుతుంది. బొటనవేలు దూరేంత పెట్టాను. ఈ కొలత నాకెక్కడిదంటావు. చెబుతాను, చెబుతాను.

దొండ పాదు ఒక ప్యాలెట్ ఎక్కింది. చిక్కుడు ఇంకోటి ఎక్కి పక్కింటి గోడ మీదికి కూడా పోయింది, వాళ్ళు కోసుకుంటున్నారు, కోసుకోనీ. కొత్తిమీరకి పలకల మధ్య అరలు కట్టాను. అదొక్కటే నేను చేసిన వాటిల్లో కోతులు ముట్టనిది. మిగతావాటిల్లో మేం తినేది కోతుల మిగులే. ఉన్నవాటిలో చివరి ప్యాలెట్‌ని బెజవాడ మేనకోడలు పట్టుకుపోయింది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు వాళ్ళింట్లో నడుమెత్తు నీళ్ళు వచ్చాయి కదా, ఫ్రిజ్జూ బియ్యం డబ్బా తేలాయి, ప్లైవుడ్ మంచం ఉబ్బి అట్టలా విడిపోయింది. ఆ బుడమేరు మన మైలవరం కొండల్లోంచి దిగిన నీళ్ళేరా, చిన్నప్పుడు దాని వాగుల్లో చేపలు పట్టినవాళ్ళం. ఇప్పుడా పిల్ల ఫ్రిజ్జు ప్యాలెట్ మీద ఉంటుంది. జానెడెత్తు నడుమెత్తు నీళ్ళనేం ఆపుతుందని అడగబోయి ఊరుకున్నాను. ఆ నాలుగు రోజులు డాబా మీద గడిపింది తను, నేను కాదు.

ఇక దాటవేసేందుకు ఏమీ మిగల్లేదు. కవరు మీద ఎన్టీఆర్ జిల్లా అని రాశానా లేదా అని ఒకసారి చూసుకున్నాను కూడా. 2022 ఏప్రిల్ నుంచి ఆ పేరే అయినా నువ్వింకా కృష్ణా జిల్లా అనే రాస్తావు, పోస్ట్‌మాన్ తెచ్చిస్తూనే ఉన్నాడు. చూశావా, మళ్ళీ దాటేస్తున్నాను.

మీ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉందిగా. వారానికోసారి తలుపులు తీసి గాలాడనివ్వమన్నావు, తీస్తున్నాను. ఒకరోజు అటక కూడా గాలాడాలి కదా అనిపించింది. ఎందుకనిపించిందో నీకు తెలుసు, నా చూపు సంగతి ఆటోనగర్‌లోనే కనిపెట్టావు. అటక మీద మూడు మామిడి పెట్టెలున్నాయిరా. తారుతో వేసిన గుర్తు ఇంకా చెదరలేదు. పలకల సందులో బొటనవేలు పెట్టి చూశాను, అతికినట్టు సరిపోయింది. సందు లేకపోతే కాయ ఉడికిపోతుందని బాబాయి అనేవాడు కదా. అదీ నా ఎరువు దొడ్డి కొలత.

మొదటి పెట్టెలో చిత్రిక, ఉలులు, మూలమట్టం, గుడ్డలో చుట్టిన రంపం. రెండోదాంట్లో డాల్డా డబ్బా. మూత తియ్యబోతే గోరు పోయింది. లోపల మేకులు. మనం తిన్నగా చేసినవేరా! కొన్ని బాణంలా ఉన్నాయి, అవి నీవి. కొన్ని ఇంకా పాములా మెలికలు తిరిగి ఉన్నాయి, ఎవరివో చెప్పనక్కర్లేదు. నా మేకుల్ని బాబాయి వాడలేదు, పారెయ్యలేదు, డబ్బాలో పెట్టుకున్నాడు. అన్నిటికీ కలిపే పావలాలిచ్చాడు, చూడు.

నీవి ఓ నలభై వాడేశాను. ఎరువు దొడ్డి తలుపుకి. తుప్పుంది గానీ గట్టివి. నావి డబ్బాలోనే ఉన్నాయి.

అంతేనా అంటావు. అంతే అయితే ఇన్ని కాగితాలు ఎందుకు ఖరాబు చేస్తాను? మూడో పెట్టెలో బాడిస ఉంది. విప్పినవాటిలో ఆఖరి ప్యాలెట్‌కి ఒక దిమ్మ ఎంతకీ ఊడలేదు, ఆక్సా బ్లేడు విరిగింది, గడ్డపార పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు. బాడిస సందులో దూర్చి లేపాను. తెలుసు. బాడిసతో చెక్కుతారు, పెకలించరు. మనకి పదేళ్ళప్పుడు ఇలాగే దాంతో కొబ్బరిచిప్ప లేపబోతే బాబాయి నా చెవి పట్టుకుని చెప్పిన మాటే అది. పిడి నిలువునా చీలింది. ఇనుము మీద గీత కూడా పడలేదు, ఒట్టు. చీలిన పిడి నా బీరువాలో, నీ ఉత్తరాల కట్ట పక్కనే పెట్టాను. ఆయన పట్టు ఆనిన చోట కర్ర అద్దంలా నున్నగా ఉంది, దాన్ని పొయ్యిలో పెట్టడానికి మీ చెల్లెలు కూడా ఒప్పుకోలేదు.

మళ్ళీ పెట్టెలో పెట్టేసి మాట్లాడకుండా ఉండొచ్చు. నువ్వు రేపు వేసవికి వచ్చి అటకెక్కితే, మోకాళ్ళ నొప్పులతో ఎక్కవనుకో, ఎక్కినా చెద అని చెప్పొచ్చు. కానీ మూడు పెట్టెల్నీ బాబాయి అటక మీద ఇటుకలేసి వాటి మీద పెట్టాడురా. అక్కడ చెదని నేనెలా తెచ్చేది?

కొత్త పిడి వేయిస్తాను. మైలవరంలో ఒక వడ్రంగి ఉన్నాడు, పనిమంతుడు. అతను నల్లతుమ్మ అంటున్నాడు. బాబాయి చండ్ర అనేవాడని నాకు జ్ఞాపకం, కానీ నా జ్ఞాపకం మీద నీకెంత నమ్మకమో తెలుసు కనక అడుగుతున్నాను. తుమ్మా, చండ్రా? నువ్వు చెప్పేదాకా వేయించను. దీనికి మాత్రం ఫోన్ చేసినా ఫర్వాలేదు.

నీ
గుమస్తా